చీటీ గీకిన పెట్టె

ఎంటెబ్బె విమానాశ్రయంలోని కొట్టు షట్టరు మోకాలిదాకా లేచిందో లేదో, లోపలి వేడి అక్కడ పనిచేసే నల్వోగా ముఖానికి కొట్టింది. ఆ వేడిలో తియ్యటి, కమ్మటి వాసన కలిసి ఉంది. మామూలు రోజుల్లో ఆ వాసన అంత గట్టిగా రాదు.

ఏసీ ఆగిపోయింది. దాని కింద పెట్టిన బకెట్టు ఎండిపోయి ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి ఆ మిషను కారుతూనే ఉంది. బాగు చేయించమని కొట్టు యజమాని కిగోజీతో చెప్పీ చెప్పీ ఆమెకి నోరు నొప్పి పుట్టింది. ఆయన చేసినదల్లా బకెట్టు కొనివ్వడం. నిన్న ఆదివారం తన మేనకోడలి నిశ్చితార్థమని కొట్టు తెరవనివ్వలేదు. ఎంటెబ్బె ఎండ, సరస్సు మీది ఉక్క, మూసిన షట్టరు, ఇవన్నీ కలిసి తమ పని తాము చేసుకుపోయాయి.

పైకి చూస్తే పెట్టెలకు ఏమీ కాలేదు. బంగారు రంగు మూతలు, వాటిమీద కారే తేనె బొమ్మ, మెరిసే ప్లాస్టిక్ తొడుగు, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆమె ఒక పెట్టె తీసి గోటితో తొడుగు చించి మూత ఎత్తింది. గుండ్రంగా, కోసుగా, గవ్వల ఆకారంలో ఉండవలసిన చాక్లెట్లు ఒకదాని మీద ఒకటి కూలబడి మళ్ళీ గట్టిపడి ఉన్నాయి. వాటి మీద తెల్లగా, బూడిద చల్లినట్టు, పాలిపోయిన మచ్చలు. ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. కొవ్వొత్తి నమిలినట్టుంది. అరచేతిలోకి ఉమ్మేసింది.

కిగోజీ వచ్చేసరికి ఆమె ఇంకో రెండు అరల్లోంచి పెట్టెలు తీసి చూసింది. అన్నీ అంతే. వెనక గదిలో గోడ నీడన ఉన్న కొత్త సరుకు మాత్రం బాగుంది.

"పాడైపోయాయి సార్. పారేయాలి."

"పారేయాలా? ఎవడబ్బ సొమ్మని?" కిగోజీ తెరిచిన పెట్టెలోకి వంగి చూశాడు. పళ్ళ మధ్య పుల్ల ఇటునుంచి అటు జరిపాడు. "విషమేం కాదుగా. తింటే చస్తారా?"

"మీరే తిని చూడండి."

"నాకు షుగరు." ఆయన మూత పెట్టేశాడు. "వీటికి ఎర్ర రిబ్బన్లు కట్టి ముందు వరసలో పెట్టు. ఒకటి కొంటే రెండోది సగం ధరకి అని బోర్డు రాయి. ఇంగ్లండు విమానం దిగేవాళ్ళు అడిగితే వెనక గదిలోవి తెచ్చివ్వు. వాళ్ళకి రుచి తెలుసు, మళ్ళీ వచ్చి పేచీ పెడతారు. ముందు వరసవి గల్ఫ్ నుంచి వచ్చే పనిపిల్లలకి."

"వాళ్ళు మనుషులు కాదా సార్?"

"మనుషులే. కాకపోతే పల్లెటూళ్ళకి పోయే మనుషులు. ఆ పెట్టె వాళ్ళు తినడానికి కొనరు, చంకలో పెట్టుకుని పోవడానికి కొంటారు. ఊళ్ళో ముసలమ్మలకి చాక్లెట్ నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో ఏం తెలుసు? తెల్లగా ఉంటే ఇంకా మంచిదనుకుంటారు." తన మాటకి తనే నవ్వి, ఏసీ మనిషికి ఫోను చేస్తానంటూ బయటికి వెళ్ళాడు.

నల్వోగా కడుపు మండిపోయింది. అయినా రిబ్బను చుట్ట తీసింది. మూర కొలవడం, అడ్డంగా నిలువుగా చుట్టడం, ముడి వేసి కత్తెర అంచుతో కొసలు లాగడం, అవి గుండ్రంగా చుట్టుకుపోవడం... చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. ముడి ముడికీ పళ్ళు బిగిస్తోంది. తోటి అమ్మాయి అపియో సెంటు సీసాలు తుడుస్తూ చూసింది.

"రిబ్బను తెగుతుంది, అంత గట్టిగా లాగకు."

"తెగనీ."

"అదికాదే, నీ కోపానికి జీతం ఎవరిస్తారు? నాకు ఇంట్లో ముగ్గురు పిల్లలు. నేనైతే ఆయన రాళ్ళకి రిబ్బను కట్టమన్నా కడతాను."

"నేనూ కడుతూనే ఉన్నానుగా," అంది నల్వోగా. అదే ఆమెకి ఎక్కువ మంటగా ఉంది.

*

మధ్యాహ్నం గల్ఫ్ విమానం దిగింది. ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద సూట్‌కేసులు తోసుకుంటూ కొందరు ఆడపిల్లలు కొట్టు వైపు చూడకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళకి ఈ కొట్టుతో పనిలేదు. పని ఉన్నవాళ్ళు వేరే. వాళ్ళు చేతిసంచితో వస్తారు. కటకటాల అవతల తమ కోసం ఎదురుచూస్తున్న చుట్టాలు కనిపించగానే అడుగు తడబడి, పక్కకి తిరిగి కొట్టులోకి దూరతారు.

అలా దూరిన ఒకమ్మాయి సెంటు సీసాల స్టాండు వెనక నిలబడి అద్దంలోంచి బయటికి చూస్తోంది. అవతల ఒక పెద్దావిడ, పసుపుపచ్చ గౌన్లు తొడిగిన ఇద్దరు చిన్నపిల్లలు, రేడియో పట్టుకున్న మరిది కాబోలు ఒకడు. పిల్లలు కటకటాల మీదికి ఎక్కుతుంటే పెద్దావిడ గౌను పట్టుకుని కిందికి లాగుతోంది.

"మీవాళ్ళేనా?" అంది నల్వోగా.

"నా కూతుళ్ళు, మా అత్త." అది బుసోగా అనే తూర్పు ప్రాంతపు యాస. "అక్కా, ఈ పెట్టెలు అక్కడివేనా?"

"ఎక్కడివి?"

"అక్కడివే. నేను వచ్చిన చోటివి. వీటి మీద ఆ రాత ఉందా?"

ఉంది. నల్వోగా పెట్టె తిప్పి అడుగున ఉన్న అరబ్బీ అక్షరాలు చూపించింది. ఆ అమ్మాయి ముఖం తేటపడింది. వాటి మీద వేలు పెట్టి చూసింది. ఆ వేళ్ళ కొసలు బ్లీచింగ్ నీళ్ళకి తెల్లగా పాలిపోయి, చీలికలు బారి ఉన్నాయి. గోళ్ళు చర్మం దాకా అరిగిపోయాయి.

"పెద్ద సూట్‌కేసు నిండా కూడబెట్టాను అక్కా. పిల్లలకి బూట్లు, అత్తకి దుప్పటి. అన్నీ ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. నేను గోడ దూకాను. సూట్‌కేసుతో గోడ దూకలేం కదా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తర్వాత విమానంలో వస్తుందని చెబుతాను. ఈ పూటకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి."

నల్వోగా చెయ్యి వెనక గది తలుపు మీదికి పోయింది. గల్లా పెట్టె దగ్గర కిగోజీ దగ్గాడు.

"ఆఫర్‌లో ఉన్నవి చూపించమ్మా. పాపం, రెండు వస్తాయి."

ఆ 'పాపం' అన్న మాటకి నల్వోగాకి అతని గొంతు పిసకాలనిపించింది. పిసకలేదు. ముందు వరసలోంచి రెండు ఎర్ర రిబ్బను పెట్టెలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ ధర చీటీ తీసెయ్యి అక్కా. షిల్లింగుల్లో ఉంది, చూస్తే తెలిసిపోతుంది. నా గోళ్ళతో రావడం లేదు."

నల్వోగా చీటీ అంచు పట్టుకుని గీకింది. జిగురు మిగిలితే తడిగుడ్డతో రుద్దింది. చీటీ ఉన్న ఆనవాలు కూడా లేకుండా తుడిచింది. ఆమె ఆ పని చేస్తున్నంతసేపూ ఆ అమ్మాయి ఆమె చేతుల వంకే చూస్తోంది. రసీదు ఇస్తే దాన్ని నాలుగు ముక్కలు చేసి తిరిగి నల్వోగా గుప్పిట్లో పెట్టింది.

"నువ్వే పారేయి. నా దగ్గర దొరక్కూడదు. నా పేరు బబిర్యే. మా ఊరు కములి వైపు వస్తే నన్ను అడుగు. నా తోడబుట్టినదానికన్నా ఎక్కువ చేశావు."

బబిర్యే వీపు నిటారుగా చేసి, రెండు పెట్టెలూ గుండెకి ఎత్తి పట్టుకుని బయటికి నడిచింది. పెద్దావిడ నోటి ముందు చెయ్యాడిస్తూ సన్నటి కూతతో మంగళధ్వని చేసింది. అద్దాల ఇవతలికి కూడా వినిపించింది. పిల్లలు తల్లి కాళ్ళని కాదు, ముందు రిబ్బన్లని పట్టుకున్నారు.

నల్వోగా చింపిన రసీదు ముక్కలు గుప్పిట్లో నలిపింది. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? 'అవి పాడైపోయాయి చెల్లీ' అంటే సరిపోయేది. నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగిలి లాభం లేదు.

ఆ వారమంతా ఆమె మింగలేక కక్కలేక గడిపింది. రిబ్బన్లు కడుతూనే ఉంది, అమ్ముతూనే ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన అడిగితే వెనక గదిలోంచి తెచ్చిచ్చింది. ఆయన థాంక్యూ అంటే బదులు పలకలేదు. అపియో చపాతీలో గుడ్డు చుట్టించి తెచ్చిస్తే సగం తిని పక్కన పెట్టింది. బయట దీపస్తంభాల మీద బోడితల కొంగలు కూచుని కిందికి చూస్తుంటే, "వీటికి మన సార్ పోలికే," అంది. అపియో నవ్వింది కానీ, కిగోజీ విన్నాడేమోనని అటూ ఇటూ చూసింది.

*

శుక్రవారం గల్ఫ్ విమానం జనం బయటికి వస్తున్న వేళకే బబిర్యే వచ్చింది. ఈసారి రోడ్డు వైపు నుంచి. దుమ్ము కొట్టుకున్న చెప్పులు, తలకి గుడ్డ, చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచి. తిన్నగా గల్లా పెట్టె దగ్గరికి వెళ్ళి సంచిలోంచి పెట్టె తీసి, మూత ఊడదీసి, బల్ల మీద బోర్లించింది. తెల్లమచ్చల ముద్దలు దొర్లి కిగోజీ చొక్కా మీద పడ్డాయి.

"తిను!"

"ఏయ్! ఎవరమ్మా నువ్వు?"

"తినమంటున్నాను! నా బిడ్డలు ఉమ్మేసిన దాన్ని నువ్వు తిను! ఊరంతా పోగైన చోట మా అత్త ఈ పెట్టె విప్పింది. అందరూ మూతి మీద గుడ్డ పెట్టుకుని నవ్వారు. బూజుపట్టింది పంచిపెడుతున్నానట! చెత్తకుప్పలో ఏరుకొచ్చానట! ఇన్నాళ్ళూ అక్కడ పని చేశానా, లేక ఎవడి పక్కనన్నా ఉన్నానా అని అడిగారు నన్ను!"

ఆమె గొంతు కొట్టు దాటి హాలు చివరిదాకా పోయింది. ఆ గొంతులో ఒక్క చాక్లెట్ల కోపమే కాదు, ఇంకెక్కడా అరవలేకపోయిన అరుపులన్నీ ఉన్నాయి. ఎర్ర రిబ్బను పెట్టెలు చేతబట్టుకుని వరసలో నిలబడ్డ నలుగురైదుగురు ఆడపిల్లలు బిగుసుకుపోయి చూస్తున్నారు. కాపలా మనిషి ఒకెల్లో టోపీ సర్దుకుంటూ వచ్చాడు.

కిగోజీ చొక్కా దులుపుకున్నాడు. గొంతు చల్లగా పెట్టాడు. "అమ్మా, దీని మీద మా కొట్టు చీటీ ఉందా? రసీదు ఉందా?"

బబిర్యే ఖాళీ పెట్టెని తిప్పి, చీటీ గీకిన చోట వేలు పెట్టింది.

"లేదు కదా. ఇది మా సరుకని ఏ దేవుడు చెప్పాడు? ఒకెల్లో, చూశావుగా, ఎక్కడిదో పాత పెట్టె తెచ్చి ఇక్కడ పేచీ పెడుతోంది. రోజూ ఇలాంటివాళ్ళు ఎందరో. అపియో, ఈమె ఎప్పుడైనా ఇక్కడ కొన్నదా?"

అపియో సెంటు సీసా ఒకటి తీసి, తుడిచి, తుడిచి, "నేను చూడలేదు సార్," అంది తలెత్తకుండా.

"నల్వోగా?"

కిగోజీ ఆమె వైపు తిరగనుకూడా తిరగలేదు. జవాబు తెలిసినట్టే ఒకెల్లో వంక చూస్తూ అడిగాడు. అతను తిరిగి తన ముఖం చూసి అడిగి ఉంటే ఏం చేసి ఉండేదో నల్వోగాకి తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ చూడకపోవడంతో ఆమె తల దిమ్మెక్కింది.

"నేనే అమ్మాను."

"ఏంటి?"

"నేనే అమ్మాను. సోమవారం. చీటీ ఈ గోటితోనే గీకాను. రసీదు నా చేతిలో చింపింది. ఏసీ ఆగిపోయి సరుకంతా కరిగిపోయింది, అది నాకు తెలుసు, ఈయనకి తెలుసు. ముందు వరసలోవన్నీ అవే." ఆమె వరసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "ఇంగ్లండు వాళ్ళకి మంచివి, మీకు ఇవి అమ్మమన్నాడు. ఊళ్ళో ముసలమ్మలకి తేడా తెలీదన్నాడు. విప్పి చూసుకోండి!"

వరసలో ముందున్న పిల్ల రిబ్బను లాగింది. మూత తీసి చూసి, పెట్టె బల్ల మీద పెట్టేసింది. వెనకున్నది తనది విప్పింది. తర్వాత ఇంకొకతె. బల్ల మీద తెరిచిన పెట్టెలు పోగుపడ్డాయి. ఒకెల్లో ఒక ముక్క తీసి వాసన చూసి, టోపీ మళ్ళీ సర్దుకుని, "సార్, ఈమెను నేను బయటికి పంపను. కావాలంటే మీరే పోలీసుల్ని పిలుచుకోండి," అని వెళ్ళిపోయాడు.

"నీకు ఇక్కడ పని లేదు. పో!" అన్నాడు కిగోజీ పళ్ళు నూరుతూ.

నల్వోగా అప్పటికే ఏప్రన్ ముడి విప్పుతోంది.

బయట ఎండ చురుక్కుమంది. బబిర్యే టాక్సీల వైపు విసురుగా నడుస్తోంది. నల్వోగా పరుగెత్తి అందుకుంది. ఆమె ఏమంటుందో ముందే ఊహించుకుంది. చెయ్యి పట్టుకుంటుందనీ, కళ్ళు తుడుచుకుంటుందనీ అనుకుంది.

బబిర్యే ఆగి, వెనక్కి తిరిగి, చెంప చెళ్ళుమనిపించింది.

"నీకు తెలుసు!"

నల్వోగా చెంప పట్టుకుంది.

"వాడికి నేనెవరో తెలీదు. వాడికి నేనొక సంచి. నువ్వు నా వేళ్ళు చూశావు. నా పిల్లల్ని చూశావు. నేను నిన్ను అక్కా అన్నాను. నువ్వు ఆ చీటీని బిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచావు. తెలిసీ తుడిచావు!"

"అవును," అంది నల్వోగా. "ఇప్పుడు నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం నాకు చెప్పకు! నెలాఖరుకి నా మొగుడు చెరుకుతోటల నుంచి వస్తాడు. అత్త ఏం చెబుతుందో తెలుసా? పిల్లల్ని నా పక్కన పడుకోనివ్వడం లేదు. నా ఒంటిమీద ఏ రోగముందో అంటోంది."

టాక్సీ కుర్రాళ్ళు "కంపాలా, కంపాలా" అని అరుస్తున్నారు. చివరికి నల్వోగానే అడిగింది.

"నన్నేం చెయ్యమంటావు?"

బబిర్యే ముఖం తుడుచుకుంది. "నాతో రా. ఆ పెట్టె నువ్వు అమ్మావని మా అత్తకి నీ నోటితో చెప్పు."

"అలా చెబితే అది అక్కడి నుంచి తేలేదని తెలిసిపోతుంది. నువ్వు ఉత్త చేతులతో వచ్చావని..."

"తెలియనీ. నీ వంతు నువ్వు చెప్పు. నా వంతు నేను చెబుతాను. ఇంక అబద్ధం మొయ్యలేను అక్కా, నా వల్ల కాదు." ఆ 'అక్కా'లో వెనకటి మెత్తదనం లేదు. అయినా అంది.

*

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. కంపాలాలో బండి మారారు. మాబిరా అడవి దగ్గర అమ్మే కుర్రాళ్ళు పుల్లలకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు కిటికీల్లోంచి లోపలికి చాపుతుంటే ఇద్దరిలో ఎవరూ తీసుకోలేదు. జింజాలో నైలు వంతెన దాటారు. కములి చేరి, అక్కడి నుంచి మోటారుసైకిలు వెనక ఇద్దరూ ఇరుక్కుని కూచుని ఇల్లు చేరేసరికి పొద్దు నెత్తికెక్కింది.

అత్త వాకిట్లో చాప మీద కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు వలుస్తోంది. ఒడిలో గింజలు, పక్కన పొట్టు. నల్వోగా చాప అంచున మోకాళ్ళ మీద కూచుని, తల వంచి దండం పెట్టింది. బబిర్యే కూడా పక్కనే మోకరిల్లింది. పిల్లలిద్దరూ తలుపు చాటున నిలబడ్డారు.

"ఎవరీవిడ? సూట్‌కేసు తెచ్చిందా?" అంది అత్త వెటకారంగా, వలవడం ఆపకుండా.

"అమ్మా, ఆ చాక్లెట్ పెట్టెలు నేను అమ్మాను. ఎంటెబ్బెలో, విమానం దిగే చోట కొట్టులో. అవి పాడైపోయాయని నాకు తెలిసీ అమ్మాను. మీ కోడలికి తెలీదు."

అత్త కాయ చిటుక్కుమనిపించింది. "ఎంటెబ్బెలోనా? అంటే అది అక్కడిది కాదా?"

"కాదమ్మా. ఇక్కడిదే."

"మరి అక్కడి నుంచి ఏం తెచ్చింది?"

నల్వోగా పక్కకి చూసింది. బబిర్యే చేతులు చాప మీద ఆనించి, నేల వంక చూస్తూ మొదలుపెట్టింది. ముందు మాటలు తడబడ్డాయి. వంటగది నేల మీద పడుకోవడం, బయటి నుంచి వేసిన తాళం, లాక్కున్న ఫోను. బ్లీచింగ్ నీళ్ళలో రోజంతా నానిన చేతులు. ఒక రాత్రి ఆ ఇంటి కొడుకు తలుపు తియ్యడం, తను గోడ దూకడం, కాలు బెణకడం. పోలీసు గదిలో తనలాంటి ఆడవాళ్ళ మధ్య గోడకి ఆనుకుని నిద్రపోవడం. సూట్‌కేసు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఏడ్చింది. బూట్ల మీద సీతాకోకచిలుకలు ఉన్నాయని చెప్పింది.

చిటుక్కు, చిటుక్కు మంటూ ఆడుతున్న అత్త వేళ్ళు ఎక్కడో ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో నల్వోగా గమనించలేదు.

"ఆ ఇంటిదాని పేరేంటి?" అంది అత్త. గొంతు రాతి మీద కత్తి నూరినట్టుంది.

"మేడమ్."

"అది పేరా? దాన్ని కన్నది పెట్టిన పేరు చెప్పు."

"తెలీదు అత్తా. నాకు చెప్పలేదు." బబిర్యే ముక్కు తుడుచుకుంది. "నన్ను కూడా నా పేరుతో పిలవలేదు. నాకు ముందు పనిచేసిన అమ్మాయి పేరు రోజీ అట. నన్నూ రోజీ అనే పిలిచేవాళ్ళు. కొత్త పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు అన్నారు."

అత్త లేచి నిలబడింది. ఒడిలో గింజలన్నీ జలజలా చాప మీదా మట్టిలోనూ రాలాయి. ఆమె వాటి వంక చూడనేలేదు. కంచె దగ్గరికి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, పక్కింటి వైపు అరిచింది.

"ఒసేయ్ కగోయా! బయటికి రా! నీ కోడల్నీ పిలు! ఆ చివరింటివాళ్ళనీ పిలు! ఆ రోజు నవ్వడానికి పరుగెత్తుకొచ్చారుగా, ఇప్పుడు వినడానికి రండి! మా బబిర్యే మాట్లాడుతుంది!"

ఒక తలుపు కిర్రుమంది. ఇంకో వాకిట్లో రోకలి ఆగింది. తడిచేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఒక్కొక్కరే కంచె దాటి వస్తున్నారు. బబిర్యే తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది. నల్వోగా మోకాళ్ళ మీదే వెనక్కి జరిగి, వచ్చేవాళ్ళకి చాప మీద చోటు ఇచ్చింది.